సమాధిలో దొరికిన గుడ్డ: ఉతకక ముందు చూడాల్సినవి

మీరు రెండు విషయాలు అడిగారు. వేల ఏళ్ల నాటి సమాధుల్లో దొరికిన వస్త్రాలను ఎలా పరిశీలిస్తారు, వాటి నుంచి ఏం తెలుస్తుంది అన్నది ఒకటి. మన వానలకీ మన మట్టికీ గుడ్డ మిగలదు కదా, మరి ఇక్కడ ఈ చదువు చదివి ఏం చేయాలి అన్నది రెండోది. మీది నేత కుటుంబమనీ, ఆర్కియాలజీలో ఎమ్మే చేస్తున్నాననీ కూడా రాశారు. పాత వస్త్రాల పరిరక్షణే నా వృత్తి. రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే చాలామంది మంచి విద్యార్థులు ఆ అపోహతోనే ఈ దారిలోకి రాకుండా ఆగిపోతున్నారు.

మన ఉపఖండంలో సమాధి వస్త్రాలు మిగిలాయి. చీరలుగానో దుప్పట్లుగానో మిగలలేదు, లోహానికి అంటుకుని మిగిలాయి. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో క్రీ.పూ. 6వ సహస్రాబ్ది నాటి ఒక సమాధిలో రాగి పూసలు దొరికాయి. ఆ రాగిని ఎలా తయారుచేశారో తెలుసుకోవడానికి ఒక పూసను లోహశాస్త్ర పరిశీలనకు పంపితే, దాని రంధ్రంలో దారపు పోగులు బయటపడ్డాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తే అవి పత్తి పీచులు. 2002లో ఆ ఫలితం అచ్చయ్యేసరికి పాత ప్రపంచంలో, అంటే ఆసియా, ఆఫ్రికా, యూరప్‌లలో, పత్తి వాడకం చరిత్ర వెయ్యేళ్లకు పైగా వెనక్కి జరిగింది. పూసలు గుచ్చిన దారం కొస అంత ముక్క చేసిన పని అది.

ఇంకా మనకు దగ్గరగా రావాలంటే మహారాష్ట్రలోని నెవాసా ఉంది. 1950లలో పురావస్తు శాస్త్రవేత్త సంకాలియా గారి బృందం తవ్వినప్పుడు తామ్రశిలాయుగం (రాతి పనిముట్లతో పాటు రాగి వాడిన కాలం) నాటి ఒక పసిబిడ్డ మెడ దగ్గర రాగి పూసల దండ దొరికింది. దండ గుచ్చిన దారం కొంత నిలిచింది. దాన్ని పరీక్షించిన గులాటీ గారు అందులో పట్టు, పత్తి రెండూ ఉన్నాయని తేల్చారు. మహారాష్ట్రలోనే ఉన్న చందోలీలో ఇలాంటి రాగి పూసల దండలోనే అవిసె నార (లినెన్ గుడ్డ నేసే నార) కనిపించింది. మూడు వేల ఏళ్లు దాటిన దక్కను నేల, అదే నల్లరేగడి, అవే వానలు. అయినా దారం మిగిలింది. గులాటీ గారి పేరు గుర్తుపెట్టుకోండి. మొహెంజొదారోలో వెండి పాత్రకు అంటుకుని దొరికిన గుడ్డ పత్తిదేనని బొంబాయి మాటుంగాలోని పత్తి ప్రయోగశాల నుంచి టర్నర్‌తో కలిసి 1928లో చెప్పిందీ ఆయనే.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. సమాధిలోని తడికి రాగి కొద్దికొద్దిగా కరుగుతుంది. కరిగిన రాగి లవణాలు దాన్ని ఆనుకుని ఉన్న గుడ్డలోకి ఇంకుతాయి. బూజుకీ బాక్టీరియాకీ రాగి విషం కాబట్టి అవి ఆ చోటుకు రాలేవు, గుడ్డ కుళ్లడం ఆగుతుంది. ఇంకొంత కాలానికి పీచు లోపలి ఖాళీల్లో ఖనిజం నిండి పీచు రాయిలా గట్టిపడుతుంది. వెండి కూడా దాదాపు ఇలాగే పనిచేస్తుంది. ఇనుము దారి వేరు. తుప్పు పీచు చుట్టూ పొరలా కట్టుకుంటుంది, ఆ తరవాత లోపలి పీచు పోతుంది, చుట్టూ కట్టిన తుప్పు గొట్టం మాత్రం ఉంటుంది. అంటే రాగి మీద పీచే దొరకవచ్చు, ఇనుము మీద చాలాసార్లు పీచు అచ్చు మాత్రమే దొరుకుతుంది. ఆ అచ్చు లోపలి గోడ మీద పీచు ఉపరితలం ఎంత స్పష్టంగా పడుతుందంటే, అది ఉన్నో నారో చెప్పగలిగే సందర్భాలు బోలెడు.

మన తెలుగు నేలమీది రాక్షసగుళ్లనే తీసుకోండి. జానంపేట, హష్మత్‌పేట లాంటి చోట్ల చూసే పెద్ద రాళ్ల సమాధులు ఇనుప యుగానివి. ఈ కాలపు సమాధుల్లో కత్తులు, బాణపు మొనలు, గొడ్డళ్లు మామూలుగా దొరికే వస్తువులు. వాటిని చనిపోయినవారి పక్కన పెట్టేటప్పుడు గుడ్డలో చుట్టి పెట్టి ఉండవచ్చు, లేదా కట్టిన బట్టే వాటి మీద పడి ఉండవచ్చు. ఆ సంగతి ఉంటే తుప్పులోనే ఉంటుంది. కత్తిని అందంగా చూపించాలని వైరు బ్రష్షుతో గీకినా, ఆమ్లంలో ముంచినా ముందు పోయేది అదే. అందుకే ఈ జవాబులో ఒక్క మాటే మీకు గుర్తుండాలనుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి: భూతద్దం కింద చూడకుండా, ఫోటో తీయకుండా, ఎక్స్‌రే తీయకుండా సమాధిలో దొరికిన ఏ లోహాన్నీ శుభ్రం చేయకూడదు.

చూడటం ఎలాగో చెబుతాను. చిలుము పట్టిన రాగి ముక్కను బల్ల మీద పెట్టి, దీపాన్ని పైనుంచి కాకుండా పక్కనుంచి, దాదాపు బల్ల ఎత్తునే ఉంచండి. వస్తువును నెమ్మదిగా తిప్పుతూ పది రెట్ల భూతద్దంతో చూడండి. ఎక్కువ భాగం పచ్చగా, గరుకుగా, ఏ పద్ధతీ లేకుండా ఉంటుంది. ఒకచోట మాత్రం గోరంత మేర, సమానమైన ఎడంతో గీతలు నడుస్తాయి. వాటికి అడ్డంగా ఇంకో వరస, ఒక గీత మీదుగా ఎక్కి పక్క గీత కింద దూరుతుంది. మీ ఇంట్లో మగ్గం ఉంది కాబట్టి ఇంకేమీ చెప్పక్కర్లేదు, అది సాదా నేత. ఇప్పుడు రెండు వైపులా సెంటీమీటరుకు ఎన్ని పోగులో లెక్కపెట్టండి. తరవాత ఒక్కో పోగు మీది పురి, అంటే వడికినప్పుడు పడిన మెలిక, చూడండి. దారాన్ని నిలువుగా పట్టుకుంటే పురి గీతలు పైన ఎడమ నుంచి కింద కుడికి వాలితే అది ఎస్ పురి, పైన కుడి నుంచి కింద ఎడమకు వాలితే జెడ్ పురి. ఎవరు చూసినా ఒకే మాట వాడాలని ప్రపంచమంతా ఈ అక్షరాలతోనే రాసుకుంటారు.

పురి చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ వడికే చెయ్యి అలవాటు అందులో ఉంటుంది, ఆ అలవాటు తరాల తరబడి మారదు. ఎర్ర సముద్రం ఒడ్డున ఈజిప్టు రేవు బెరెనికేలో రోమన్ కాలపు పత్తి గుడ్డ పీలికలు దొరికాయి. ఈజిప్టులో వడికే పద్ధతి ఎస్ పురి, మన దేశంలో జెడ్ పురి. అక్కడ దొరికిన పత్తి గుడ్డల్లో జెడ్ పురి ఉన్నవాటిని భారతదేశం నుంచి వచ్చినవిగా గుర్తించడానికి ఇది పెద్ద ఆధారం. అవి సమాధుల్లోవి కావు, చెత్తకుప్పల్లోవి. కానీ పద్ధతి అదే.

ఇక గుడ్డ గుడ్డగానే మిగిలిన చోట్లకు వద్దాం. ఎడారి పొడి, గడ్డకట్టే చలి, గాలి చొరబడని తడి, ఉప్పు, మంటలో బొగ్గవడం, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. సైబీరియాలోని పజిరిక్‌లో 1949లో రుడెంకో తవ్విన ఐదో దిబ్బలో దాదాపు 183 సెంటీమీటర్ల వెడల్పు, 200 సెంటీమీటర్ల పొడవున్న ముడుల తివాచీ రంగులతో సహా దొరికింది. పూర్వం దొంగలు తవ్విన కన్నంలోంచి నీరు దిగి, అది గడ్డకట్టి, మళ్లీ కరగలేదు. దొంగలు బంగారం పట్టుకుపోయారు, వాళ్లు చేసిన కన్నం వల్ల తివాచీ దక్కింది.

నేల గుణం కూడా ఎంపిక చేస్తుంది. ఉన్ని, పట్టు ప్రోటీన్లు. పత్తి, అవిసె, జనుము సెల్యులోజ్. ఆమ్ల గుణమున్న తడి నేలలో సెల్యులోజ్ పోయి ఉన్ని నిలుస్తుంది, సున్నపు గుణమున్న నేలలో ఉన్ని ముందు పోతుంది. డెన్మార్క్‌లో కంచుయుగపు ఓక్ పేటికల్లో మనకు ఉన్ని బట్టలే కనిపిస్తాయి. అక్కడి జనం ఉన్ని తప్ప ఇంకేమీ కట్టలేదని దీన్నిబట్టి తీర్మానించకూడదు. నేల ఏది దాచిందో అదే మనం చూస్తున్నాం. ఇంగ్లండ్‌లో దీన్ని పరీక్షించడానికే 1960లో ఓవర్టన్ డౌన్ అనే చోట సుద్దనేలలో ఒక మట్టికట్ట కట్టి అందులో గుడ్డలు, తోలు, చెక్క పాతిపెట్టారు. ఆమ్ల గుణమున్న ఇసుకనేలలో ఇంకో కట్టను 1963లో వేర్‌హామ్ దగ్గర కట్టారు. వాటిని విడతలు విడతలుగా తవ్వి చూస్తూ 128 ఏళ్ల దాకా కొనసాగించాలన్నది ప్రణాళిక. మొదలుపెట్టినవాళ్లు ముగింపు చూడరని తెలిసే మొదలుపెట్టారు. ఈ రంగంలో నాకు చాలా గౌరవం కలిగించే పనుల్లో ఇదొకటి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ. కైరోకు దక్షిణాన తర్ఖాన్ అనే శ్మశానవాటికలో ఫ్లిండర్స్ పెట్రీ 1913లో తవ్వినప్పుడు, ప్రాచీన కాలంలోనే దోపిడీ అయిన ఒక పెద్ద సమాధిలో మట్టికొట్టుకున్న నారగుడ్డల కుప్ప దొరికింది. దాన్ని అలాగే లండన్ పంపారు. అరవై ఏళ్లకు పైగా ఎవరూ విప్పలేదు. 1977లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం పరిరక్షకులు ఆ కుప్పను ఒక్కో ముక్కా విడదీస్తుంటే అందులోంచి ఒక చొక్కా బయటపడింది. మెడ ముందు కోణంగా దిగి ఉంది, భుజాల మీదా చేతుల మీదా సన్నని కుచ్చిళ్లు గట్టిగా నొక్కి పెట్టినట్టున్నాయి. పడుగులో (నిలువు పోగుల్లో) లేత బూడిదరంగు చార ఒకటి నడుస్తుంది. కింది అంచు పోయింది కాబట్టి అది ఎంత పొడవుండేదో చెప్పలేం.

2015లో ఆక్స్‌ఫర్డ్‌లో కొద్ది మిల్లీగ్రాముల దారంతో రేడియోకార్బన్ పరీక్ష చేశారు. క్రీ.పూ. 3482, 3102 మధ్య కాలమని 95 శాతం నమ్మకంతో తేలింది. అయిదు వేల ఏళ్లు దాటిన, కొలత ప్రకారం కత్తిరించి కుట్టిన చొక్కా. అయితే నన్ను పట్టి ఉంచేది దాని వయసు కాదు. మోచేతుల దగ్గరా చంకల దగ్గరా ముడతలు పడి ఉన్నాయి. శవం కోసం కొత్తగా కుట్టిన బట్టకు ఆ ముడతలు రావు. ఎవరో బతికుండగా దాన్ని తొడుక్కున్నారు, చేతులు వంచి పనిచేశారు. పైగా అది లోపలి వైపు బయటికి తిరిగి ఉంది, తల మీదుగా లాగి విప్పినప్పుడు ఎలా తిరుగుతుందో అలా. 1913లో ఎవరైనా శ్రద్ధగా ఉతికి, సాఫుచేసి, ఇస్త్రీ మడతలో పెట్టి ఉంటే మనకు వయసు తెలిసేది, ఆ మనిషి గురించి ఏమీ తెలిసేది కాదు.

అందుకే సమాధి గుడ్డ దగ్గర మొదటి ప్రశ్నలు ఇవి. ఇది కట్టుకున్నదా, కప్పినదా, చుట్టినదా, లేక పక్కన పెట్టినదా? ఏ వైపు శరీరానికి తగిలి ఉంది? ఏ పొర మీద ఏ పొర? మడత పదునుగా ఉందా, వాడకంతో మెత్తబడిందా? చిరిగిన చోట అతుకు ఉందా? పెరూలోని పరకాస్‌లో 1927లో హూలియో తెయ్యో బృందం 429 శవపు మూటలను వెలికితీసింది. ఒక్కో మూటలో పొరలు పొరలుగా వస్త్రాలు, వాటిలో అద్భుతమైన కుట్టుపని దుప్పట్లు. కొన్ని దుప్పట్ల మీద కుట్టు సగంలో ఆగిపోయి ఉంది. పొరల వరస రాసిపెట్టిన మూటల గురించి మనం ఇంకా కొత్త ప్రశ్నలు అడగగలుగుతున్నాం. అదే ప్రాంతం నుంచి 1930లలో దొంగతనంగా తరలిపోయి స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ చేరిన దుప్పట్లు కూడా అంతే అందమైనవి. ఆ నగరం వాటిని 2014 నుంచి విడతలుగా పెరూకు తిరిగి ఇచ్చింది. గుడ్డలు తిరిగి వచ్చాయి, ఏ మూటలో ఎన్నో పొర అన్న సంగతి మాత్రం తిరిగి రాదు.

ఉతకడమే తప్పని నా ఉద్దేశం కాదు. పెరూలోనే హువాకా ప్రియేటాలో దొరికిన దాదాపు ఆరు వేల ఏళ్ల నాటి పత్తి పీలికలు మట్టిరంగులో ఉండేవి. జాగ్రత్తగా కడిగాక నీలి చారలు కనిపించాయి, పరీక్షలో అది నీలిమందేనని తేలింది. వరస తప్పకూడదంతే. చూడటం, రాయడం, ఫోటో, నమూనా, ఆ తరవాతే నీళ్లు. కడిగిన నీటిలో పుప్పొడి, గింజలు, పురుగుల రెక్కలు, శరీరపు ఆనవాళ్లు పోతాయి. అవి కూడా సాక్ష్యమే.

ప్రయోగశాల పరీక్షల గురించి విద్యార్థులకు ఆకర్షణ ఎక్కువ. అవసరమైనవే, కానీ ఒక్కోదానికి ఉన్న హద్దు తెలుసుకుని వాడాలి.

పీచు గుర్తింపు సులువని పుస్తకాలు చదివితే అనిపిస్తుంది. పత్తి చదునుగా మెలితిరిగిన రిబ్బనులా, అవిసెకు కణుపులు, ఉన్నికి పొలుసులు, మల్బరీ పట్టు నున్నగా, దసలి పట్టు వెడల్పుగా చారలతో ఉంటాయి. కొత్త పీచుల విషయంలో అంతే. టర్కీలోని చాతల్‌హొయుక్‌లో ఇళ్ల నేలల కింద పూడ్చిన శవాలతో దొరికిన, బొగ్గైన ఎనిమిది వేల ఏళ్ల పైబడిన గుడ్డలు 1960లలో బయటపడ్డాయి. అవి ఉన్ని అని కొందరు, అవిసె అని కొందరు అర్ధశతాబ్దం పైగా వాదించుకున్నారు. 2021లో వచ్చిన అధ్యయనం ప్రకారం అది ఓక్ చెట్టు బెరడు లోపలి నార. వాదించుకున్న రెండు పక్షాల దగ్గరా చెట్టునార సరిపోల్చే ఆలోచన లేదు. మన దగ్గర జనుము, గోగు, మోదుగ, ఆరె, అడ్డతీగ, జిల్లేడు, ఇలా నార తీసే మొక్కలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. వీటి నమూనాలు పక్కన లేకుండా ఎవరైనా మన తవ్వకాల పీచును చూసి పత్తి అనేస్తే నేను నమ్మడానికి తొందరపడను.

రంగుల విషయంలో, కలిసి ఉన్న పదార్థాలను వేటికవి విడదీసే ద్రవ క్రోమటోగ్రఫీ చాలా శక్తివంతమైన పరీక్ష. ఎరుపును విడదీస్తే అలిజరిన్, పర్ప్యూరిన్ లాంటి పదార్థాలు ఏ పాళ్లలో ఉన్నాయో తెలుస్తుంది. మన తీరంలో కలంకారీ ఎరుపుకు వాడిన చిరివేరులో అలిజరిన్ ఉంటుంది, పర్ప్యూరిన్ ఉండదనే చెప్పాలి. మంజిష్ఠలో దాదాపు దీనికి వ్యతిరేకం, పర్ప్యూరిన్, మంజిస్టిన్ ఎక్కువ. ఎక్కడో దూరదేశంలో దొరికిన ఎర్రగుడ్డ మన కోరమాండల్ తీరానిదా అని అడగడానికి ఇది పనికొచ్చే తేడా. నీలం దగ్గర ఈ ఆట సాగదు. మన నీలిమొక్కైనా యూరప్‌లోని వోడ్ మొక్కైనా గుడ్డ మీద మిగిల్చేది ఒకే నీలి పదార్థం, ఇండిగోటిన్. నీలం కనిపించగానే భారతదేశపు ఎగుమతి అని రాసేవాళ్లతో జాగ్రత్త.

ఎగ్‌ట్‌వెడ్ అమ్మాయి కథ కూడా మీరు తెలుసుకోవాలి. డెన్మార్క్‌లో 1921లో ఒక ఓక్ పేటికలో దొరికింది. చెట్టు వలయాల లెక్క ప్రకారం ఆ పేటిక క్రీ.పూ. 1370 నాటిది. ఆమ్లానికి ఎముకలు కరిగిపోయాయి, జుట్టు, గోళ్లు, పళ్లు, ఉన్ని రవిక, తాళ్లతో చేసిన పొట్టి పావడా మిగిలాయి. 2015లో ఆమె జుట్టు, గోరు, పంటి ఎనామెల్, ఉన్ని, అన్నింటిలోనూ స్ట్రాన్షియం ఐసోటోపులు (వీటి పాళ్లు ప్రాంతాన్ని బట్టి మారుతూ నీటి ద్వారా, తిండి ద్వారా శరీరంలో చేరతాయి) కొలిచి, ఆమె డెన్మార్క్ బయట పుట్టిందనీ, ఉన్నిలో ఎక్కువ భాగం కూడా బయటిదేననీ చెప్పారు. జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ పేరు పత్రికలకెక్కింది. 2019లో ఆర్హస్ విశ్వవిద్యాలయం నుంచి ఇద్దరు ఇంకో ప్రశ్న వేశారు. పొలాల్లో చల్లే వ్యవసాయపు సున్నం ఇవాళ్టి నీటిలోని స్ట్రాన్షియం విలువలను మార్చేస్తోంది, ఆ నీటి కొలతలతో గీసిన పటంతో కంచుయుగపు అమ్మాయిని పోల్చడం ఎంతవరకు సబబు అని. సున్నం పడని చోట్ల విలువలు తీసుకుంటే ఆమె స్థానికురాలే కావచ్చన్నారు. చర్చ ముగియలేదు. యంత్రం ఇచ్చిన అంకె సరైనదే అయినా దాన్ని దేనితో పోలుస్తున్నామన్నది మన నిర్ణయం.

మీకు మగ్గం తెలుసన్న మాట మీరు వాక్యం చివర మొహమాటంగా రాశారు. నా దృష్టిలో అదే మీ పెద్ద బలం. స్వీడన్‌లోని వైకింగ్ కాలపు బిర్కా సమాధుల్లో దొరికిన సన్నని పట్టీల మీద వెండి, పట్టు పోగుల అల్లిక ఉంది. 2017లో ఒక పరిశోధకురాలు అందులో అరబిక్ అక్షరాల్లో అల్లా పేరు ఉందని ప్రకటిస్తే ప్రపంచమంతా వార్తయింది. ఆ మాట చదవాలంటే పట్టీ ఇప్పుడున్నదానికంటే వెడల్పుగా ఉండేదని ఊహించి నమూనాను పక్కలకు పొడిగించాలి. నేత తెలిసినవాళ్లు అడిగిన ప్రశ్న ఒక్కటే: పట్టీకి రెండు పక్కలా అంచు కట్టి ఉంది కదా, పేక (అడ్డపోగు) అక్కడ వెనక్కి తిరిగింది కదా, ఇంక దానికి అవతల గుడ్డ ఎక్కడిది? లిపి చరిత్ర తెలిసినవాళ్లు కూడా ఆ రకం అక్షరాలు ఆ కాలానికి లేవన్నారు. అంచు అంటే ఏమిటో మీకు పదేళ్ల వయసులోనే తెలిసి ఉంటుంది.

చైనాలోని మావాంగ్‌దుయ్‌లో 1972లో తవ్విన మొదటి సమాధి, అంటే దాయ్ ప్రభువు భార్యది, ఇదే చెబుతుంది. అందులో దొరికిన పలుచని పట్టు అంగీ 128 సెంటీమీటర్ల పొడవున్నా బరువు 49 గ్రాములే. దానికి నకలు నేయబోతే మొదటిది 80 గ్రాములు దాటింది. ఇవాళ్టి పట్టుపురుగు పెద్దది, దాని పోగు లావు. సన్నటి పోగునిచ్చే పురుగును పెంచుకుంటే గానీ బరువు దిగలేదు. ఈ సంగతి కొలతల పట్టికలో దొరకదు, నేయబోతే తెలుస్తుంది.

ఒక సమాధి వస్త్రాన్ని స్వయంగా చూడాలంటే దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో నైషు అనే పేరుతో పిలిచే ఈజిప్టు మమ్మీ ఉంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చినదాన్ని ఏడో నిజాం 1930లో మ్యూజియంకు ఇచ్చారు. 2016లో సీటీ స్కాన్ తీశారు, పట్టీలు విప్పకుండానే లోపల చూడటానికి. ఇప్పుడు ఆక్సిజన్ తీసేసిన గాజుపెట్టెలో ఉంచుతున్నారు. వెళ్లినప్పుడు ముఖం వైపు కాక చుట్టిన నారగుడ్డ వైపు చూడండి. పట్టీలు ఏ దిశలో తిరిగాయి, అంచు ఉన్న పట్టీ ఏది, పెద్ద గుడ్డను చింపి చేసిన పట్టీ ఏది, గమనించండి. ఆమె ఒక మనిషి అన్నది మరవద్దు. పక్కన నిలబడి సెల్ఫీ తీసుకోవద్దని నా విద్యార్థులకు ఎప్పుడూ చెబుతాను, మీకూ చెబుతున్నాను.

తవ్వకంలో ఉన్నప్పుడు గుడ్డ అనుమానం వస్తే వేలితో తాకకండి, బ్రష్షు ఆపేయండి. చుట్టూ మట్టితో సహా ముద్దగా ఎత్తి, ఉన్న తడి ఉన్నట్టే ఉంచి ల్యాబుకు పంపాలి. ఎండకు పెడితే గంటల్లో పొడైపోతుంది, ప్లాస్టిక్‌లో బిగించి వదిలేస్తే బూజు పడుతుంది, కాబట్టి చల్లగా, తొందరగా చేర్చాలి. ఏ ముఖం పైకి ఉందో బాణం గుర్తు వేయండి. జిగురు, గట్టిపరిచే ద్రావణాలు చల్లవద్దు, ఆ తరవాత రేడియోకార్బన్‌కూ రంగు పరీక్షకూ అది పనికిరాకుండా పోవచ్చు. పాత మ్యూజియం వస్త్రాలను ముట్టుకునేటప్పుడు చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి. పూర్వం పురుగు పట్టకుండా ఆర్సెనిక్, డీడీటీ చల్లేవారు.

ఎక్కడ చదవాలని కూడా అడిగారు. పరిరక్షణ శాస్త్రానికి లక్నోలోని జాతీయ పరిరక్షణ పరిశోధనాలయం, తవ్వకాలూ వాటి వస్తువుల అధ్యయనానికీ పుణె డెక్కన్ కాలేజీ, ఈ రెండింటితో పరిచయం పెంచుకోండి. ఈలోగా ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. పత్తి, పట్టు, దసలి, ఉన్ని, జనుము, గోగు గుడ్డముక్కలను రాగి రేకు మీదా ఇనుప మేకుల మీదా చుట్టి, పెరట్లో వేర్వేరు మట్టికుండల్లో పాతండి. నల్లమట్టి ఒకదాంట్లో, ఎర్రమట్టి ఒకదాంట్లో. ఏటా ఒక్కోటి తీసి మామూలు మైక్రోస్కోప్ కింద ఫోటో తీయండి. మన నేలకు సంబంధించి ఇలాంటి పోలిక నమూనాలు మీ చేతిలో ఉంటే రేపు ఏ తవ్వకంలోనైనా మీ మాటకు విలువ ఉంటుంది.

ఇంకొకటి. మీ విభాగం స్టోర్‌లో పాత తవ్వకాల ఇనుము, రాగి ముక్కలు శుభ్రం చేయకుండా ఉంటే, మీ ప్రొఫెసర్ గారి అనుమతి తీసుకుని పక్క వెలుతురులో ఒక్కొక్కటి చూడండి. గీతలు కనిపిస్తే స్కేలు పెట్టి ఫోటో తీసి, పడుగు పేకల్లో సెంటీమీటరుకు ఎన్ని పోగులో, పురి ఎటువైపో, తవ్వకంలో ఆ వస్తువు ఎక్కడ ఏ లోతులో దొరికిందో రాసి ఇక్కడ పెట్టండి. పడుగు ఏదో పేక ఏదో తెలియకపోతే తెలియలేదనే రాయండి, అంచు దొరికే దాకా అది ఎవరికీ తెలియదు. నేను తప్పకుండా చూసి చెబుతాను.